బొమ్మచేపకు నడక నేర్పిన లౌరీ రపాలా

ఎవరికైనను ఇంటిపేరు తాతముత్తాతలనుండి సంక్రమించును. లౌరీ రపాలాకు మాత్రము అది ఒక మతగురువు మరపువలన సంక్రమించినది. 1905వ సంవత్సరమున ఫిన్లెండు దేశమున సిస్మా అను పల్లెసీమలో అతడు జన్మించెను. తల్లి పేరు మారీ. ఆమె ఇంటిపేరు సారినెన్. కుఱ్ఱవానికి ఏడేండ్ల ప్రాయమున తల్లియు కొడుకును పొరుగుననున్న అసిక్కాలాకు వలసపోయిరి. క్రొత్తగా వచ్చినవారి పేర్లను చర్చి పుస్తకమున ఎక్కించుట ఆనాటి ఆచారము. అక్కడి గురువునకు సారినెన్ అను పేరు ఎంతకును స్ఫురింపలేదట. వారు విడిచివచ్చిన పల్లెపేరు మాత్రము జ్ఞప్తిలో నుండెను. దానినే ఇంటిపేరుగా వ్రాసి పుస్తకము మూసెను. ఆ పల్లె పేరు రపాలా. ఫిన్నిష్ భాషలో రపా యనగా బురద. ఏబదియేండ్లు తిరుగునప్పటికి ఆ బురదపేరు సముద్రముల కావల దుకాణములలో అద్దాల బీరువాల కెక్కినది. దానిని అంతదూరము మోసికొనిపోయినది అరచేతిలో ఇముడు ఒక బొమ్మచేప.

ఈ కథకు రంగస్థలము పయ్యన్నె సరస్సు. ఫిన్లెండును వేయి సరస్సుల దేశమని పిలుచుట వాడుక. అది వినయముతో చెప్పిన లెక్క. చిన్నవియు పెద్దవియు కలిపినచో అక్కడ సరస్సులు లక్షకు పైబడియే యున్నవి. వానిలో పయ్యన్నె విస్తీర్ణమున రెండవది, లోతున మొదటిది. ఉత్తరమునుండి దక్షిణమునకు దాదాపు 120 కిలోమీటర్లు సాగి, ఒకచోట 95 మీటర్ల లోతునకు దిగిపోవును. దక్షిణపు కొనను కల్కినెన్ అను తావున దాని నీరు రాళ్లమీద ఉరవడిగా దుమికి, క్రిందనున్న జలములను కలుపుకొని, క్యుమి నదియై, కడపట ఫిన్లెండు సింధుశాఖను చేరును. శీతకాలమున సరస్సంతయు గడ్డకట్టి, బండ్లు నడచునంతటి మంచుపలక యగును. ఏప్రిలు చివరనో మే నెలలోనో ఆ పలక విడును. అప్పటినుండి మరల చలి వచ్చువరకు గడచెడి కొద్ది నెలలే పడవపై వేటకు దక్కు కాలము.

యౌవనమున లౌరీ జీవనము ఋతువులనుబట్టి నడచెను. చలికాలమున అడవిలో చెట్లు నరకుట, ఎండకాలమున చేపలు పట్టుట, నడుమ దొరకిన పొలములలో కూలికి పోవుట. 1928లో ఎల్మా లెప్పానెన్ అను యువతిని అతడు వివాహమాడెను. కొన్నాళ్లకు ఆ దంపతులు పయ్యన్నె తీరమున రీహిలహ్తి అను పల్లెలో కాపురము స్థిరపరచుకొనిరి. ఇంతలో ప్రపంచమంతట వ్యాపించిన ఆర్థికమాంద్యము ఫిన్లెండునుగూడ తాకెను. ఆ దేశమునకు అడవి కలపయే ప్రాణాధారము. కలప కొనువారు తగ్గిన కొలది గొడ్డలి పట్టువానికి కూలి తగ్గెను. ఇంటిలో పిల్లలు ఒకరి వెనుక నొకరు పుట్టుచుండిరి. చేపలవేట లౌరీకి వినోదము కాదను విషయమును ఇచ్చట మరువరాదు. తరువాతికాలమున అతని పేరు కోటు తొడుగుకొని సెలవుదినములలో వేటకు పోవు పెద్దమనుష్యుల నోట నానినది గాని, అతడు నీటిపై గడపిన ప్రతిదినమును సాయంకాలపు సంతను దృష్టిలో నుంచుకొని గడపినదే.

అతని వేట రెండు విధములు. తెల్లచేపలకు వలలు వేసెడివాడు. పెద్దచేపలకు వందలకొలది గాలములు వ్రేలాడగట్టిన పొడవాటి త్రాడును నీటిలో పరచెడివాడు. త్రాడు పొడవున ప్రతి గాలమునకు ఒక చిరుచేపను బ్రదికియుండగనే గ్రుచ్చవలెను. వాడిపోయిన ఎరను తీసివేసి క్రొత్తది పెట్టవలెను. ఈ ఎరచేపలను ముందుగా పట్టుకొనుటయే ఒక వేట. ప్రొద్దు పొడుపునుండి తెడ్లు వేసి మైళ్లకొలది పోయి, త్రాడు ఎత్తి, చేపలు విడదీసి, మరల ఎర గ్రుచ్చి, మరల తెడ్లు వేసి ఇల్లు చేరునప్పటికి దినములో సగభాగము ఎరకే చెల్లిపోవుచుండెను. చేపను పట్టుటకు పట్టుకాలముకంటె చేపకు పెట్టుటకు పట్టుకాలమే యెక్కువ. ఆ సగభాగమును మిగిల్చుకొనుట ఎట్లు? లౌరీని వేధించిన ప్రశ్న ఇదియే. అతడు కనిపెట్టినదంతయు ఈ ప్రశ్నకు జవాబు.

పడవను నీటిపై నిలిపి, అంచుమీదికి వంగి, లోపలికి చూచుచుండుట అతనికి అలవాటు. పయ్యన్నె నీరు తేటయైనది. చిరుచేపల గుంపులు అందులో వెండిపొడి చల్లినట్లు కదలుచుండును. ఆ గుంపుల చుట్టును పైక్ అను వేటచేప పొంచియుండును. ఇది పొడుగాటి దేహము, బాతుముక్కువంటి చప్పిడి మూతి, లోపలికి వంగిన పండ్లు కల చేప. తెలుగునాట చెరువులలో కొఱ్ఱమీను ఎట్లు కలుపుమొక్కల నీడను కదలక మెదలక కాచియుండునో, ఇదియు అట్లే కాచియుండి ఒక్క త్రుటిలో బాణమువలె దూకును. పరుగుపందెము దాని స్వభావము కాదు. వెంటపడి అలసిపోవుటకంటె కాచి కొట్టుటయే దానికి లాభము. అందుచేత ఏ చేప సులభముగా దొరకునో ఎంచుకొనుట దానికి అన్నిటికంటె ముఖ్యమైన విద్య.

లౌరీ చూచినది ఆ ఎంచుకొనుటనే. గుంపులో నూరు చేపలు చక్కగా ఈదుచుండును. పైక్ వానిని చూచియు కదలదు. ఇంతలో గాయపడినదో, రోగము తగిలినదో, ఒక్క చేప గుంపునుండి విడివడి, అటునిటు కొంచెము ఊగుచు, నడుమ రేఖనుండి ఒకింత తొలగి, కుంటివాని నడకవలె ఈదును. ఆ ఊపు ఎంత సూక్ష్మమైనదన్నచో పడవపైనున్నవానికి అది పట్టిపట్టి చూచిననేగాని తెలియదు. పైకునకు మాత్రము అది పిలుపువలె తోచును. చేపల దేహమున ఇరుప్రక్కల తలనుండి తోకవరకు ఒక రేఖ యుండును. నీటిలోని ప్రకంపనములను ఆ రేఖ వినును. కంటికి మెఱుపు కనబడకపూర్వమే కుంటి ఈత ఆ రేఖకు తెలియును. పైక్ నూటిలో ఆ ఒక్కదానినే వరించి మ్రింగును. లౌరీ దీనిని ఒకసారి కాదు, సంవత్సరములతరబడి చూచెను. తోయివో అను వేటమిత్రుడొకడు, ఆ కుంటి ఈతను చేతితో చేసిన బొమ్మకు నేర్పగలిగినచో ఎర గ్రుచ్చు పని తప్పునుగదా యని అతనిని ప్రోత్సహించుచుండెనట.

కృత్రిమపు ఎర అప్పటికి క్రొత్తది కాదు. లోహపు చెంచాను విఱిచి గాలము కట్టినట్టి తళతళలాడు ఎరకు అమెరికాలో జూలియో బ్యూయెల్ అనునతడు 1852లోనే పేటెంటు పొందియుండెను. చెంచా నీటిలో గిరగిర తిరిగి మెఱయును. ఆకలిగొన్న చేప మీదపడును. చిత్రవిచిత్రముగా రంగులు వేసిన కొయ్యచేపలుగూడ దేశదేశములలో అమ్ముచుండిరి. ఐనను వానిలో అనేకములు చేపను చూచినట్లుండునుగాని చేప ఈదినట్లుండవు. కనులు, పొలుసులు, మొప్పలు అన్నియు చిత్రించి, నడకను మాత్రము మరచిన బొమ్మలవి. లౌరీకి కావలసినది దీనికి తలక్రిందు. రూపము ఎట్లున్నను నడక కుదరవలెను.

1936వ సంవత్సరమున అతడు పనికి పూనుకొనెను. కొనితెచ్చిన పరికరము ఒక్కటియు లేదు. చెప్పులు కుట్టువాని కత్తితో కార్కును చేప ఆకారమున చెక్కెను. గరుకు కాగితముతో నునుపు చేసెను. చాక్లెట్లమీదను జున్నుగడ్డలమీదను చుట్టివచ్చు తగరపు రేకును పొలుసులకు బదులుగా పైన అంటించెను. రంగు నీటిలో చెదరకుండ పూత పూయవలెను. వార్నీషు కొనుటకు డబ్బేది? పాత ఫోటో ఫిలిము ముక్కలను కరిగించి ఆ ద్రవమునే పూతగా పూసెను. వీపు నల్లన, ప్రక్కలు బంగారువన్నె, పొట్ట తెల్లన. ఇంటిలో పారవేయు వస్తువులు, పక్కింటివారు పారవేసిన వస్తువులు కలిసి ఒక చేప అయ్యెను.

అది నీటిలో మునిగినది గాని నడువలేదు. చెక్కుట సులువు, నడిపించుట కష్టము. ఇచ్చటనే ఈ మనుష్యుని విద్య తెలియవలసియున్నది. దారము కట్టి లాగినచో ఏ కొయ్యముక్కయైనను తిన్నగా వచ్చును, లేదా ప్రక్కకు తిరుగబడి గిరికీలు కొట్టును. తిన్నగా వచ్చినది ఆరోగ్యముగల చేప. పైకునకు దానితో పనిలేదు. గిరికీలు కొట్టునది చేపయే కాదు. ఈ రెంటి నడుమ వెండ్రుకవాసి చోటున కుంటిచేప యున్నది. మూతిక్రింద నాలుకవలె ఒక చిన్న రేకును వాలుగా అమర్చినచో, లాగినపుడు నీరు ఆ రేకును కొట్టి తలను క్రిందికిని ప్రక్కకును త్రోయును. దేహము తేలిక గనుక వెంటనే మరల మధ్యకు వచ్చును. వచ్చి రెండవ ప్రక్కకు పోవును. ఇట్లు క్షణమునకు పలుమారులు ఊగుటయే నడక. రేకు వాలు కొంచెము ఎక్కువైనచో ఊపు పెద్దదై మోటుగా నుండును. తక్కువైనచో ప్రాణము పోవును. దారము కట్టు తీగకన్ను మూతిపై రవంత ఎడమకు జరిగినచో బొమ్మ కుడికో ఎడమకో కోసుకొనిపోవును. అట్టిదానిని చక్కబరచుటకు ఆ తీగకన్నును, బొమ్మ పోవు దిక్కునకు ఎదురుదిక్కున, కంటికి తెలిసియు తెలియనంతగా వంచవలెను. కొయ్యపనివాని కొలబద్దతో ఇది సాధ్యము కాదు. చెక్కుట, లాగిచూచుట, గీకుట, మరల లాగిచూచుట. అతడు ఎన్ని బొమ్మలు పొయ్యిలో పడవేసెనో లెక్కపెట్టినవారు లేరు.

ముడి విషయమునగూడ అతని సంప్రదాయము ప్రత్యేకమైనది. దారమును తీగకన్నుకు బిగించి కట్టినచో బొమ్మ తల కట్టుబడిపోయి ఊపు చచ్చును. అందుచేత ముడిని కంటికి దూరముగా వేసి, మధ్య చిన్న ఉచ్చు వదలవలెను. ఆ ఉచ్చులో బొమ్మ స్వేచ్ఛగా ఆడును. నేటికిని ప్రపంచమంతటను వేటగాండ్రు ఆ ముడిని అతని ఇంటిపేరుతోనే పిలుతురు.

బొమ్మ సిద్ధమైనంతమాత్రమున చేప పడదు. దానిని లాగు తీరు తెలియవలెను. లౌరీ కాలమున అతని చేతిలో రీలును బెత్తమును గల నాజూకు సామాను లేదు. పడవ వెనుక దారము వదలి, తెడ్లు వేయుచు పోవుటయే పద్ధతి. ఇందు ఒక సూక్ష్మమున్నది. తెడ్డు నీటిని త్రోసినపుడు పడవ ముందుకు ఉరుకును. తెడ్డు పైకి లేచినపుడు వేగము తగ్గును. వెనుకనున్న బొమ్మయు అట్లే ఒక ఊపున పరుగెత్తి, ఒక ఊపున నీరసించును. నీరసించినపుడు కార్కు తేలిక గనుక రవంత పైకి తేలును. పారిపోవ ప్రయత్నించి, ఓపిక చాలక ఆగి, మరల ప్రయత్నించు గాయపడిన ప్రాణి సరిగా అట్లే చేయును. పైక్ తరచుగా కొట్టునది పరుగులో కాదు, ఆ ఆగు క్షణమున. తరువాత మరయంత్రముతో సమవేగమున పడవ నడిపిన ధనికులు ఈ లాభమును పోగొట్టుకొని, మరల దానిని చేతి కుదుపులతో సంపాదించుకొనవలసి వచ్చెను. నీరు చల్లగానున్నపుడు మెల్లగా లాగవలెననియు, ఎండకు వేడెక్కినపుడు వేగము హెచ్చింపవలెననియు తెలిసికొనుటకు తెడ్లు వేయువానికి పుస్తకము అక్కరలేదు. చేపల నెత్తురు నీటితోపాటే చల్లబడును, నీటితోపాటే వేడెక్కును. చలిలో వాని పరుగు మందగించును.

ఈ బొమ్మతో లౌరీ ఒక్కదినమున 270 కిలోల చేపలు పట్టెనని ఒక కథ కలదు. నమ్మువారు నమ్మవచ్చును. అట్టి కథలు వేటగాండ్రనోట పుట్టి అమ్మువారినోట పెరుగును. తూచినవాని పేరు ఎవరును చెప్పరు. నమ్మదగినది మరియొకటి యున్నది. ఇరుగుపొరుగు వేటగాండ్రు అతనివద్దకు వచ్చి బొమ్మలు అడుగజొచ్చిరి. పొరుగువాడు ప్రశంసలవలన మోసపోడు, పడవలోని చేపలను చూచియే వచ్చును.

1939 నవంబరు చివర సోవియట్ సేనలు ఫిన్లెండు సరిహద్దు దాటెను. నూటఐదు దినములు మంచులో యుద్ధము జరిగెను. 1941లో మరల మొదలై 1944వరకు సాగెను. లౌరీ తన తరమువారందరివలెనే సైన్యమునకు పోయెను. యుద్ధాంతమున దేశము పదియవవంతు భూమిని కోల్పోయెను. నాలుగులక్షలకు పైబడినవారు ఇండ్లువాకిండ్లు విడిచి పడమటికి వచ్చిరి. బయటినుండి సరకు రాని దినములలో కార్కుగూడ కరవయ్యెను. అప్పుడు లౌరీ అడవిలోని పైన్ చెట్ల బెరడును కార్కునకు బదులు వాడెను. చెట్టుపై ఊరకపోవు బెరడు తేలికగను మెత్తగను ఉండి కత్తికి లొంగును. అడవిలో గొడ్డలిపని చేసినవానికి ఏ చెట్టు బెరడు ఎట్టిదో ఒకరు చెప్పవలసిన పనిలేదు. తరువాత యుద్ధము ముగిసి ఓడలు తిరిగినపుడు, దక్షిణ అమెరికాలో పెరుగు బాల్సా కొయ్య అతని చేతికి దొరకెను. కొయ్యలన్నింటిలో అతి తేలికయైన వానిలో ఇది యొకటి. అందుతో బొమ్మ ఊపు మరింత చురుకయ్యెను.

యుద్ధానంతరము రీహిలహ్తి ఇంటిలో బొమ్మలపని కుటుంబపరిశ్రమగా మారెను. కొడుకులు రెయో, ఎన్సియో, ఎస్కో తండ్రిప్రక్కన కూర్చుండిరి. ఒకరు చెక్కిరి, ఒకరు రేకు అంటించిరి. నీటిలో లాగి చూడకుండ ఏ బొమ్మయు ఇల్లు విడిచిపోరాదని లౌరీ నియమము పెట్టెను. కల్కినెన్ ఉరవడిలో ట్రౌట్ చేపల వేటకు వచ్చెడి పట్టణవాసుల చేతులకు ఈ బొమ్మలు చేరెను. 1952లో హెల్సింకి నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. పరుగులు చూడవచ్చిన విదేశీయులలో గాలము పట్టు అలవాటుగలవారు కొందరు ఫిన్లెండు గుర్తుగా ఈ చేపలను జేబులో వేసికొని పోయిరి. ఒలింపిక్ పతకములకంటె ఎక్కువదూరము ప్రయాణించినవి బహుశః అవియే.

కాలముగూడ అతనికి కలిసివచ్చెను. ఈ బొమ్మ ఈకవలె తేలికయైనది. పాతకాలపు దళసరి నూలుదారముతోను బరువు రీలుతోను దానిని విసరినచో పదిగజములుకూడ పోదు. యుద్ధము తరువాత సన్నని నైలాను దారమును, దానికి తగిన క్రొత్తరకపు రీలును వ్యాపించెను. తెడ్లుకట్టె వెనుక ఈడ్వదగిన బొమ్మ ఇప్పుడు ఒడ్డునుండి విసరదగినదయ్యెను. ఇట్లు విసరి, దారము చుట్టుకొనుచు రప్పించుకొనుటలోనే ఒక విద్య పెరిగినది. ఆ విద్యకు ముఖ్యక్షేత్రము అమెరికా.

ఆ దేశమున మిన్నెసోటా రాష్ట్రము ఫిన్లెండునకు కవలసోదరి వంటిది. అవే సరస్సులు, అవే పైన్ అడవులు, అదే చలి. ఫిన్లెండునుండి వలసపోయినవారు దాని ఉత్తరభాగమున వేలకొలది స్థిరపడిరి. మిన్నియాపొలిస్ నగరమున రాన్ వెబర్ అనునతడు వేటసామానును దుకాణములకు అమ్మిపెట్టు వ్యాపారి. అతడొకమారు తోటివేటగాని గాలమున ఈ ఫిన్నిష్ బొమ్మను చూచెను. అందరి గాలములు ఖాళీగా వచ్చుచుండగా దానికి మాత్రము చేపలు పడుచుండెను. అదే నగరమున వేటసామాను దుకాణము నడపు రే ఆస్ట్రమ్‌తో కలిసి అతడు 1959లో ఫిన్లెండునకు ఉత్తరము వ్రాసెను. అట్లు మొదలైన బేరము జీవితకాలపు భాగస్వామ్యమయ్యెను.

మిన్నెసోటా, విస్కాన్సిన్ సరస్సులలో పైక్ ఉన్నది. దానికి అన్నవంటి మస్కీయు ఉన్నది. ఒకే జాతి, ఒకే ఆకారము, ఒకే దుర్మార్గము. ఐతే మస్కీ మరింత పెద్దది. నిలువున నాలుగడుగులు దాటినవి దొరకును. పదివేలమార్లు విసరినగాని పడని చేపయని దానికి పేరు. దానికి అరచేతిలో ఇముడు బొమ్మ చాలదు. జానెడు పొడవుండు ఎర కావలెను. దాని పండ్లు నైలానును కత్తిరించును గనుక ఎరముందు ఉక్కుతీగ కట్టవలెను. దాని దుర్గుణములలో ఒకటి, ఎరను చూచి కొట్టక, పడవదాక మెల్లగా వెంబడించి వచ్చుట. అప్పుడు అనుభవము లేనివాడు ఎరను పైకెత్తి దానిని పోగొట్టుకొనును. తెలిసినవాడు బెత్తపు కొనను నీటిలో ముంచి, పడవప్రక్కనే ఎనిమిది అంకె ఆకారమున ఎరను త్రిప్పును. మలుపు తిరుగునపుడు ఎర వేగము మారును, పోకడ మారును. అప్పటిదాక సందేహించిన చేప ఆ మలుపులో కొట్టును. దీనిని లౌరీ నేర్పలేదు, మస్కీ వేటగాండ్రు తమంత తాము నేర్చుకొన్నారు. ఐనను అందలి రహస్యము పయ్యన్నె పడవలో అతడు చూచినదే. సాఫీగా పోవునది చేపను ఊరించును. తడబడునది చేపచేత కొట్టించును.

చిన్న బొమ్మను లాగుటలో అమెరికావారు చాల తీరులు కల్పించిరి. బొమ్మను విసరి, నీటివలయములు చెదరిపోవువరకు కదల్పక, పిమ్మట బెత్తముతో ఒక్క కుదుపు ఇచ్చిన అది మునిగి తేలును. ఈ తీరు సాయంకాలము నిశ్చలజలమున పనిచేయును. మెల్లగా సమవేగమున చుట్టుట మరియొకటి; ఇందు బొమ్మ తన నడకను తానే నడచును, మనుష్యుడు జోక్యము చేసికొనరాదు. రీలు పట్టినవానికి చేయి ఊరకుండుట కష్టము. లౌరీ బొమ్మ బాగుగా పనిచేయక పోయిన సందర్భములలో సగము, దానికి లేని నడకను నేర్పబోయిన చేతులవలననే సంభవించెను. కొంతకాలమునకు తేలని రకమునుగూడ ఆ కుటుంబము తయారుచేసెను. అది క్షణమునకు ఇంతయని నియమిత వేగమున మునుగును. విసరి, అంకెలు లెక్కించి, కావలసిన లోతునకు చేరగానే లాగుట మొదలుపెట్టవలెను. చేప ఏ లోతున పడెనో ఆ అంకె గుర్తుంచుకొన్నచో మరుమారు అదే అంకెకు లాగవచ్చును.

1962 ఆగస్టులో లైఫ్ పత్రిక ఈ బొమ్మలగూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అదే సంచికలో నటి మేరిలిన్ మన్రో మరణవార్తయు వచ్చెను. ఆమెను గూర్చి చదువుటకు అమెరికాయంతయు ఆ సంచికను కొనెను. కొన్నవారు పుట త్రిప్పి ఫిన్నిష్ చేపనుగూడ చూచిరి. ఒక సుందరి మరణముతో ఒక బొమ్మచేపకు అదృష్టము పట్టుట విధివిలాసము కాక మరేమి! ముప్పదిలక్షల బొమ్మలకు ఆర్డర్లు వచ్చెనని చెప్పుదురు. దుకాణములలో సరకు దొరకక, కొందరు బేరగాండ్రు ధరావతు పుచ్చుకొని బొమ్మలను అద్దెకిచ్చిరట.

ఇంతటి అదృష్టమే లౌరీ జీవితమున పెద్ద ఆపద. ఫిన్లెండులో ఒక పల్లెయింట చెక్కెడి బొమ్మలకు లక్షలమీద గిరాకీ వచ్చినపుడు చేయదగినది ఏమి? యంత్రములు పెట్టి, ప్లాస్టికుతో అచ్చు పోసి, పెట్టెలలో నింపి పంపవచ్చును. అనుకరించువారు ఆ పనియే చేయుచుండిరి. వారి బొమ్మలు అచ్చు గ్రుద్దినట్లు అదే ఆకారముతో వెలువడెను. పేరు, రంగు అన్నియు కుదిరెను. ఐనను తేలికకొయ్య ఊపు ప్లాస్టికునకు రాలేదు. కొయ్యలో ఏ రెండు ముక్కలును ఒక్క బరువు ఉండవు. ఒక్కొక్కదాని నడక ఒక్కొక్క తీరు. యంత్రము ఆకారమును రెట్టింపగలదు, నడకను చేయలేదు.

తండ్రికొడుకులు నడుమదారి త్రొక్కిరి. చెక్కుపని యంత్రములకు ఒప్పగించిరి. ఆ యంత్రములను కల్పించుటలో ఎస్కో సమర్థుడు. అసిక్కాలాలోని వాక్సీ గ్రామమున కర్మాగారము నెలకొల్పిరి. ఐతే బాల్సాను విడువలేదు. కడపటి మెట్టున మాత్రము చేయి తొలగలేదు. గట్టున కూర్చున్న పనివాడు నీటితొట్టిలో ఒక్కొక్క బొమ్మను దారముతో లాగును. ప్రక్కకు పోవుచున్నదా? శ్రావణముతో తీగకన్నును రవంత వంచును. మరల లాగును. ఊపు కుదిరినదా? పెట్టెలో పెట్టును. లక్ష బొమ్మలైనచో లక్షమారులు లాగవలెను. లాభము లెక్కించువానికి ఇది పిచ్చిపనిగా తోచును. 1936లో రీహిలహ్తి రేవున లౌరీ చేసిన పని ఇదియే. దానిని వదలినచో మిగిలినది రంగుపూసిన కొయ్యముక్క యని అతనికి తెలియును. ఆలస్యమునకు విసుగుకొన్న వర్తకుల ఉత్తరములు వచ్చుచుండెను. తొట్టి పని ఆగలేదు.

డబ్బు వచ్చినది. ఇల్లు మారినది గాని అతని వేట మానలేదు. ఐశ్వర్యము కొందరిని నీటినుండి గట్టుకు లాగును, లౌరీని లాగలేకపోయెను. అతడు పుస్తకము వ్రాయలేదు, ఉపన్యాసములు చేయలేదు. చెప్పదలచినదంతయు అరచేతిలో ఇముడు కొయ్యలో చెప్పియుండెను. 1974లో డెబ్బదియేండ్లు నిండకయే అతడు మరణించెను. ఆనాటికి అతని బొమ్మలు ఎన్నో దేశములలో అమ్ముచుండిరి. కొడుకులు క్రొత్త ఆకారములు, క్రొత్త రంగులు, క్రొత్త పొడవులు చేర్చుచు వచ్చిరి. వీపు నల్లన, ప్రక్కలు బంగారువన్నె, పొట్ట తెల్లననున్న మొదటి తీరునుగూడ చేయుచునే యుండిరి. ఎంత పెద్ద కర్మాగారమైనను నీటిలో లాగి చూడనిదే ఏ బొమ్మయు పెట్టె చేరరాదను తండ్రి నియమమును వారు సడలింపలేదు.